గోడ మీద సున్నా

ఉల్కాన్ ముక్కు గురించి తలాస్ లోయలో చాలా కథలు తిరుగుతుంటాయి. క్యాను మూత తీసి ఒక్కసారి వాసన చూసిందంటే, ఆ ఆవు ఉత్తరపు వాలులో మేసిందో దక్షిణపు వాలులో మేసిందో చెప్పేదట. ఒకసారి ఒక పాలవాడితో, "ఇంట్లో మాటలు లేవా ఏం? క్యాను నువ్వే కడిగినట్టున్నావు" అందట. పాలను చూసి కాపురం చెప్పడం ఎక్కడా లేదు కాబట్టి ఆ కథను నమ్మాల్సిన పని లేదు. వాడి భార్య పుట్టింటికి పోయి అప్పటికి తొమ్మిది రోజులైన మాట మాత్రం నిజం.

సోవియట్ యూనియన్ ఉన్న రోజుల్లో ఆమె రాజధాని ఫ్రుంజెకు పోయి పాల పరీక్షల చదువు చదివింది. తిరిగొచ్చి సర్కారు పాల ఫ్యాక్టరీలో తెల్లకోటు తొడుక్కున్న ఆరేళ్ళకు యూనియనే లేకుండా పోయింది. యంత్రాలు విప్పి ఎవరికి చిక్కింది వాళ్ళు మోసుకుపోయారు. ఆమెకు చిక్కింది ఒక థర్మామీటరు, గాజు గొట్టాల పెట్టె. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా చిక్కుడు పొలాల్లో నడుము వంచింది. మొగుడు బతికున్నన్నాళ్ళు ఇంట్లో కనిపించిన ప్రతి గాజు వస్తువునూ అమ్మేసి వోద్కాగా మార్చేవాడు. ఆ పెట్టెను మాత్రం పిండిడబ్బా అడుగున పెట్టి కాపాడుకుంది.

అదే పాత గోడల మధ్య కొత్త చీజ్ ఫ్యాక్టరీ వెలిసినప్పుడు ఆమెకు యాభై నిండాయి. కోటు మళ్ళీ తెల్లగా వచ్చింది, నడుము దగ్గర రెండు అంగుళాలు వెడల్పుగా.

ఆమె పని చీజ్‌ను పరీక్షించడం కాదు, చీజ్ చుట్టుపక్కలను పరీక్షించడం. నేల, మురుగు తూములు, బండి చక్రాలు, తలుపు పిడులు, ఫ్యాను రెక్కలు. వారానికి ఇరవై చోట్ల తడి స్పాంజితో తుడిచి, ఒక్కొక్క స్పాంజిని ఒక్కొక్క సీసాలో లేతపసుపు ద్రవంలో వేసి, వెచ్చని పెట్టెలో రెండు రోజులు ఉంచుతుంది. లిస్టీరియా జాతి క్రిమి ఉంటే ద్రవం నల్లబడుతుంది. చలికి చావని క్రిమి అది. చీజ్‌ను చల్లటి గదిలో దాస్తే ఆ మర్యాద తనకే చేశారనుకుని కులాసాగా పెరుగుతుంది. గట్టివాళ్ళకు నాలుగు రోజుల జ్వరంతో పోతుంది. కడుపుతో ఉన్న ఆడదానికి సోకితే బిడ్డే పోవచ్చు. ఉల్కాన్‌కు ఈ సంగతి తెలుసు కాబట్టి సీసాల ముందు నిలబడినప్పుడు నవ్వేది కాదు.

డైరెక్టరు ఎమిల్‌బెక్ నవ్వేవాడు. ముప్ఫై ఆరేళ్ళవాడు, బొద్దుగా, మంచివాడు, కడుపునిండా తిని అందరికీ పెట్టేవాడు. చీజ్ గది బయట గోడ మీద ఎర్రరంగుతో ఒక పెద్ద సున్నా వేయించాడు. అదే లక్ష్యం. నెలంతా ఒక్క సీసా కూడా నల్లబడకపోతే నెలాఖరున గొర్రెను కోసి అందరికీ విందు. మంచి కబురు తెచ్చినవాడికి కానుక ఇవ్వడం ఆ నేల మీద తాతల నాటి ఆచారం. సూయుంచు అంటారు. కొడుకు పుట్టాడని పరిగెత్తుకొచ్చినవాడికి ఏమీ లేకపోతే నెత్తిమీది టోపీ అయినా తీసి ఇవ్వాల్సిందే. చెడ్డ కబురు తెచ్చినవాడికి చల్లారిన టీ పోస్తారు. ఎమిల్‌బెక్ ఆ ఆచారంతోనే ఫ్యాక్టరీని నడపబోయాడు.

ముప్ఫై ఒక్క నెలలు సున్నాయే వచ్చింది. ముప్ఫై ఒక్క గొర్రెలు ఆ సున్నా గుండా దూరి ఇక తిరిగి రాలేదు.

ఇందులో బాత్మా పాత్ర చెప్పాలి. బాత్మా కడిగే పనివాళ్ళకు పెద్ద. ఉల్కాన్‌కు పాలచెల్లెలు, ఆ మాటకొస్తే ఎనిమిది రోజుల పెద్దది కాబట్టి పాలక్క. ఇద్దరూ ఒకే వేసవిలో, కొండమీది మేతబయళ్ళలో, పక్కపక్క గుడారాల్లో పుట్టారు. ఉల్కాన్ తల్లికి పురిటి జ్వరం వస్తే బాత్మా తల్లి ఇద్దరికీ పాలిచ్చింది. ఒకే పాలు తాగినవాళ్ళ మధ్య అబద్ధం ఉండదని అక్కడివాళ్ళ నమ్మకం.

"మా అమ్మ నీకు ఎడమవైపుది ఇచ్చింది. అందులోనే పాలెక్కువ. అందుకే నువ్వు చదువుకున్నావ్, నేను బకెట్ పట్టుకున్నా" అనేది బాత్మా, పదిమందిలో.

"కుడివైపుది తాగి నీ నోరు ఇంతైంది. ఎడమదీ తాగుంటే లోయలో ఎవరూ బతికేవాళ్ళు కాదు" అనేది ఉల్కాన్.

ప్రతి గురువారం పొద్దున్నే ఉల్కాన్ కడిగేవాళ్ళ గదికి వెళ్ళేది. బాత్మా పాలు పోసిన టీ, నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కలు, మీగడ పెట్టేది. టీ తాగుతూ ఉల్కాన్ ఆరోజు స్పాంజి పెట్టబోయే ఇరవై చోట్లూ చదివి వినిపించేది. ఎందుకంటే చెప్పకుండా ఒకరి గుడారంలోకి చొరబడేది దొంగ, లేకపోతే పన్నులవాడు. ఆ గదులన్నీ బాత్మా చేతికింద ఉన్నాయి. ముందు మాట చెప్పడం మర్యాద. ఫ్యాక్టరీలో ఎవరికీ అది వింతగా తోచలేదు, చదువుకున్న ఉల్కాన్‌కు కూడా.

ముప్ఫై రెండో నెలలో సరిహద్దు అవతల నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ చీజ్ కొనే కంపెనీవాళ్ళు తమ పరీక్షలో మెత్తని చీజ్‌లో క్రిమి కనిపెట్టారు. సరుకు దుకాణాలకు చేరకముందే ఆపారు. ఎవరికీ జబ్బు చేయలేదు. పదిహేను రోజుల్లో ఆ క్రిమి ఫ్యాక్టరీలో ఎక్కడ కాపురముందో చూపించాలి, లేకపోతే కొనడం ఆపేస్తామన్నారు. కొనేవాళ్ళలో సగం వాళ్ళే. ఆపేస్తే ఫ్యాక్టరీ మూతపడుతుంది. ఉల్కాన్ గాజు గొట్టాల పెట్టె రెండోసారి పిండిడబ్బాలోకి పోతుంది.

ఎమిల్‌బెక్ ఆమెను పిలిపించాడు. ఫ్యాక్టరీలో చిన్నవాళ్ళందరిలాగే అతనూ ఆమెను ఎజె, అంటే అక్కా, అని పిలిచేవాడు. ఆరోజు నవ్వలేదు.

"ఉల్కాన్ ఎజె, నీ కాగితాలన్నీ శుభ్రమే చెప్తున్నాయి. మరి ఇది వాళ్ళ లారీలో ఎక్కిందంటావా?"

"లారీలో ఎక్కితే డబ్బా మీద ఎక్కాలి బాబూ. డబ్బాలోపల ఎలా ఎక్కుతుంది?"

"మరి?"

"మనం వెతకడంలోనే తప్పుంది. ఇన్ని తూములున్నచోట ముప్ఫై ఒక్క నెలలు ఒక్కటీ దొరకలేదంటే నేను గొర్రె తినాల్సింది కాదు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించాల్సింది. గోడ మీది సున్నా తీసెయ్."

"లక్ష్యం లేకుండా పని ఎలా చేయిస్తాను?"

"లక్ష్యం మార్చు. చీజ్‌ను తాకే చోట సున్నా ఉండాల్సిందే, అది వేరే సంగతి. తూముల్లో, చక్రాల కింద, గోడ మూలల్లో మాత్రం దొరకాలి. నెలకు కనీసం ఆరు దొరకాలి అని రాయి. దొరికిన చోట కడిగి, మూడు రోజులు వరసగా మళ్ళీ చూసి, శుభ్రమైందని తేలిందాకా వదలకూడదు. తోడేలును కొండ మీద చూడటం మేలా, దొడ్లో చూడటం మేలా?"

"అసలు చూడకపోవడం మేలు" అన్నాడు ఎమిల్‌బెక్. తర్వాత కాసేపు బల్ల మీద వేళ్ళు ఆడించి, "సరే. మరి గొర్రె ఎవరికి?" అన్నాడు. అతని లెక్కలో గొర్రె లేని లక్ష్యం లక్ష్యమే కాదు.

"కనిపెట్టినవాళ్ళకు."

"చెడ్డ కబురుకు సూయుంచా? మా తాత సమాధిలోంచి లేచి వస్తాడు."

"రానీ. ఆయనతో కూడా ఒక తూము కడిగిద్దాం."

సున్నా మీద సున్నం కొట్టించారు. కడిగేవాళ్ళు దాని ముందు నిలబడి గుసగుసలాడుకున్నారు. "దొంగను పట్టిస్తే గొర్రె ఇస్తారంట" అన్నాడొకడు. "దొంగ మనింట్లోనే దొరికితే?" అంది ఇంకొకామె. "అప్పుడు గొర్రెను వాళ్ళు తింటారు, తన్నులు మనం తింటాం" అన్నాడు వాడే. అందరూ నవ్వారు. బాత్మా నవ్వలేదు.

ఆ గురువారం ఉల్కాన్ ఇరవై బదులు నలభై చోట్ల స్పాంజి పెట్టింది. శనివారం నలభై సీసాలూ లేతపసుపుగానే మెరుస్తూ కనిపించాయి. రోజులు ఐదు పోయాయి. మంగళవారం ఇంకో ఇరవై, అవీ గురువారం మాదిరే పొద్దున టీ దగ్గర చదివి వినిపించాకే. పొద్దున పదకొండు గంటలకు, చీజ్ పని మాంచి ఊపులో ఉన్నప్పుడు, ఉప్పునీటి గది తూము అంచున స్పాంజి రుద్ది సంచిలో వేయబోతూ ఆగిపోయింది. స్పాంజి ముక్కు దగ్గర పెట్టుకుంది.

క్లోరిన్.

క్లోరిన్‌తో కడగడం తెల్లవారుజామున ఐదింటికి అయిపోతుంది. ఆ తర్వాత ఆరు గంటలపాటు ఆ తూములోకి పాలవిరుగుడు, ఉప్పునీళ్ళు పారుతూనే ఉంటాయి. వాసన ఏనాడో పోవాలి. ఇది అరగంట కిందటి వాసన. తూముకు రెండు అడుగుల అవతల నేల మామూలుగానే జిడ్డుగా ఉంది. ఎవరో సరిగ్గా ఆ చేరెడు చోటే కడిగారు.

ఆమె అక్కడే, తడినేల మీద గొంతుక్కూర్చుని చాలాసేపు ఉండిపోయింది. ఉప్పునీటి గది పనివాడు, "ఎజె, మోకాళ్ళు పట్టేశాయా?" అని చెయ్యందించాడు. అతని చెయ్యి పట్టుకుని లేచింది. స్పాంజిని సంచిలో వేసుకుంది.

గురువారం మామూలుగానే టీకి వెళ్ళింది. బోర్సోక్ తిన్నది. ఇరవై చోట్లూ చదివింది. బాత్మా తలూపుతూ వింది, మీగడ ఇంకాస్త వేసింది. పుట్టి బుద్ధెరిగాక ఉల్కాన్ ఆమెకు చెప్పిన మొదటి అబద్ధం అదే. ఎందుకంటే గదిలోంచి బయటికి రాగానే ఆ ఇరవైలో పది వదిలేసి, వాటి బదులు ఇంకో పది చోట్లకు వెళ్ళింది. అరల బండ్ల బోలు కాళ్ళు. నీళ్ళులాగే రబ్బరు కర్రల సందులు. ఉప్పునీటి గదిలో రెండో తూము. చీజ్ ఆరే గది తలుపు కింది రబ్బరు పట్టీ.

శనివారం వెచ్చని పెట్టె తెరిచింది. చదివి వినిపించిన పది సీసాలూ లేతపసుపు. చెప్పకుండా వెళ్ళిన పదిలో ఆరు సిరా బుడ్ల మాదిరి నల్లగా ఉన్నాయి. వాటిలో మూడు అరల బండ్ల కాళ్ళవి. కాలు కింద మూత ఊడి, కడిగిన నీళ్ళు లోపల నిలిచి, బండి కదిలినప్పుడల్లా చీజ్ గదిలో చుక్క చుక్కగా కారుతున్నాయి. పదిహేను రోజుల గడువులో ఇంకా మూడు రోజులున్నాయి. వెతికింది దొరికింది. ఉల్కాన్ స్టూలు మీద కూర్చుని, ఆరు సీసాలనూ వదిలేసి ఆ పది పసుపు సీసాలనే చూస్తూ ఉండిపోయింది.

బాత్మా ఇంటికి వెళ్ళేసరికి ఆమె వాకిట్లో తివాచీ దులుపుతోంది.

"ఎన్నాళ్ళ నుంచే?" అంది ఉల్కాన్.

బాత్మా కర్ర ఆపలేదు. "ఏది?"

"నేను చదవగానే పోయి కడగడం."

దుమ్ము ఇద్దరి మధ్యా ఎగిరింది. బాత్మా కర్ర కింద పెట్టింది. "మొదటినుంచీ. ఏం, నువ్వొస్తున్నావని తెలిసి ఊడ్చకుండా ఉంటానా? చుట్టం వస్తుంటే గడప ఊడవని ఆడది ఉంటుందా?"

"నేను చుట్టాన్ని కాదే. నేను వెతుకుతున్నా."

"నన్ను వెతుకుతున్నావ్. నా గదుల్లో, నా మనుషుల చేతుల్లో. ఒక్క సీసా నల్లబడితే గొర్రె పోయేది, దాంతో నా పేరు పోయేది. నేను జాబితా అడిగానా? ఏనాడన్నా అడిగానా చెప్పు. నువ్వే వచ్చి, కూర్చుని, నా మీగడ తింటూ చదివావు."

ఉల్కాన్ కోటు మీద పడ్డ దుమ్ము దులుపుకుంది.

"ఇంకో మాట చెప్పనా? పాలు వాసన చూసి ఆవు పేరు చెప్పేదానివి. మూడేళ్ళు నీ ముక్కుకు క్లోరిన్ తగల్లేదంటే ఎవరే నమ్మేది? నీకూ గొర్రె రుచిగానే ఉంది."

ఆ మాట ఉల్కాన్‌కు కర్రదెబ్బ కంటే గట్టిగా తగిలింది. నిజంగా తగల్లేదా? తగిలితే ఎప్పుడు తగిలింది, ఎప్పుడు తనే ముఖం తిప్పుకుంది? వాకిలి అరుగు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి బాత్మా కూడా వచ్చి పక్కన కూర్చుంది.

"సోమవారం అవతలివాళ్ళ మనిషి వస్తోంది" అంది ఉల్కాన్. "అంతా చెప్పాలి. లేకపోతే ఇన్నాళ్ళ కాగితాలు ఎందుకు తప్పయ్యాయో వాళ్ళకు అర్థం కాదు. నేను ముందే చదివిన సంగతి నేను చెప్తా. నువ్వు కడిగిన సంగతి నువ్వు చెప్పు. తప్పు సగం సగం."

"ఉద్యోగం పోతే?"

"ఇద్దరిదీ పోదు. నిజం చెప్పినవాళ్ళను తీసేస్తే రేపు ఎవరు చెప్తారు? ఆమాత్రం ఎమిల్‌బెక్‌కు తెలుసు."

"చెప్తాలే" అంది బాత్మా. "మా అమ్మ పాల మీద ఒట్టు."

సోమవారం అవతలి నుంచి వచ్చినామె పేరు రైహాన్. సన్నగా, కళ్ళజోడుతో, టీ ముట్టకుండా నేరుగా నల్ల సీసాల దగ్గరికే పోయే రకం. ఉల్కాన్ ఆమెను వెంటబెట్టుకుని తిప్పింది. బండి కాలు వంచి లోపలి నీళ్ళు గిన్నెలోకి ఒంపి చూపించింది. రైహాన్ గిన్నెవైపు చూసి, మొదటిసారి ఉల్కాన్ ముఖంవైపు చూసి, "మంచి పని చేశారు" అంది. పెద్దగా పొగడటం రాని మనిషి నోట ఆ మాట విని ఉల్కాన్ చెవులు వేడెక్కాయి.

తర్వాత నలుగురూ డైరెక్టరు గదిలో కూర్చున్నారు. రైహాన్ పాత కాగితాలు ముందేసుకుంది.

"ఈ ఆరు చోట్లూ రాత్రికి రాత్రి మురికైనవి కావు. మరి మిగతా చోట్ల మూడేళ్ళు ఒక్కటీ ఎందుకు దొరకలేదు?"

"ఏరోజు ఎక్కడ తుడుస్తానో నేను ముందే చెప్పేదాన్ని" అంది ఉల్కాన్. "ప్రతి గురువారం. మర్యాద అనుకున్నాను. అది నా తప్పు."

ఎమిల్‌బెక్ ముఖం ఎర్రబడింది. "ఎవరికి?"

"బాత్మాకు."

రైహాన్ బాత్మా వైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమేనమ్మా. ఆవిడే వచ్చి చదివేది."

"మీరు అడిగేవారా?"

"లేదమ్మా. నాకు చదువెక్కడిది? ఆవిడే చదివేది."

"విని మీరు ఏం చేసేవారు?"

ఉల్కాన్ బాత్మా ముఖంలోకి చూసింది. యాభై మూడేళ్ళుగా తనకు తెలిసిన ముఖం. బాత్మా కిటికీలోంచి చెట్లవైపు చూస్తోంది.

"టీ తాగేదాన్ని" అంది.

ఉల్కాన్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "కడిగేది కూడా. అరగంట ముందు పోయి క్లోరిన్ పోసేది. స్పాంజికి వాసన వచ్చింది."

"ఎవరన్నా చూశారా?"

"నా ముక్కుకు తెలిసింది."

"ముక్కును సాక్ష్యంగా రాసుకోలేనండీ" అంది రైహాన్. ఎగతాళిగా అనలేదు. అందుకే ఇంకా బాధేసింది.

సాయంత్రానికి అన్నీ తేలిపోయాయి. కంపెనీవాళ్ళు కొంటూనే ఉంటారు. బండ్ల కాళ్ళు కోసి, గట్టి కాళ్ళు అతికించాలి. రెండో తూము తవ్వి మళ్ళీ కట్టాలి. కొత్త లక్ష్యాలు అలాగే ఉండాలి, అవి చాలా బాగున్నాయని రైహాన్ రాసింది. వాటికింద ఎమిల్‌బెక్ సంతకం చేశాడు. జాబితాను బయటపెట్టిన మనిషి మాత్రం ఆ పనిలో ఉండకూడదని కూడా రైహాన్ రాసింది.

"నన్నేం చేయమంటావ్ ఎజె?" అన్నాడు ఎమిల్‌బెక్, ఆమె వైపు చూడకుండా. "నువ్వే ఒప్పుకున్నావ్. గేటు దగ్గర పాలు తూచే పనుంది. జీతం అంతే."

"స్పాంజి ఎవరికిస్తావ్?"

"బాత్మాకు. మూల మూలా తెలిసింది ఆమెకే కదా."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. దాక్కునే చోట్లు బాత్మాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. ఉల్కాన్ తెల్లకోటు విప్పి మడతపెట్టింది. వారంపాటు బాత్మాకు పని నేర్పింది. స్పాంజి ఎలా పట్టాలి, ఎంత గట్టిగా రుద్దాలి, సీసా మీద ఏం రాయాలి. ఆ వారంలో పనికి సంబంధించని మాట ఒక్కటీ అనలేదు. బాత్మా రెండుసార్లు టీ పోసింది. రెండుసార్లూ అది కప్పులోనే చల్లారింది.

ఆ తర్వాతి బుధవారం బాత్మా గేటు దగ్గరికి వచ్చింది. ఉల్కాన్ విప్పిన తెల్లకోటు ఆమెకు చేతుల దగ్గర పొట్టి. చేతిలో మడిచిన కాగితం.

"రేపటికి ఇరవై చోట్లు రాసుకున్నా. ఒకసారి చూస్తావా? అక్షరాలు తప్పులున్నాయేమో."

"చూడను. ఎవరికీ చూపించకు."

"నీకు కూడానా?"

"నాకు కూడా."

బాత్మా కదల్లేదు. "ఆరోజు నోరు రాలేదే ఉల్కాన్. చెప్దామనే వచ్చా. మనవళ్ళు కళ్ళముందు ఆడారు. నోరు రాలేదు."

"వచ్చింది" అంది ఉల్కాన్. "టీ తాగేదాన్ని అన్నావ్. బాగానే వచ్చింది." పాలబండి వచ్చి ఆగింది. "పక్కకు జరుగు, క్యాన్లు దించాలి."

గురువారం మధ్యాహ్నం ఉల్కాన్ భోజనానికి పోయినప్పుడు బాత్మా వచ్చి, పాలు తూచే కాటా కింద, చక్రాల మధ్య ఎవరూ చెయ్యిపెట్టని సందులో స్పాంజి రుద్దుకుని పోయింది. శనివారం ఆ సీసా నల్లబడింది. బాత్మా చేతికి దొరికిన మొదటిది. బాత్మాకు గొర్రె వచ్చింది. అందులోంచి ఒక మంచి ముక్క, అక్కచెల్లెళ్ళకిచ్చే ముక్క, గుడ్డలో చుట్టి ఉల్కాన్ ఇంటికి పంపింది. ఉల్కాన్ విప్పకుండా తెచ్చినవాళ్ళ చేతికే తిరిగి ఇచ్చింది.

సోమవారం గోడ మీద, సున్నం కొట్టిన చోట, కాగితం అంటించారు. గేటు, పాల కాటా కింద, దొరికింది. బాత్మా అక్షరాలు వంకరగా ఉన్నాయి గాని తేదీ, చోటు, సీసా నంబరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఉల్కాన్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. దారిలో పోయేవాళ్ళెవరో, "మీ చోటే పట్టేసిందే ఎజె, మీ అక్క" అన్నారు.

"పట్టాల్సిందే" అంది. కాటాను గోడవైపుకు వంచి, బకెట్ తీసుకుని నీళ్ళకు వెళ్ళింది. కడిగాక మూడు రోజులు వరసగా చూడాలి. ఆ మూడు రోజులూ బాత్మా వస్తుంది, ఏ వేళకు వస్తుందో చెప్పదు.